తెరిసమ్మ బండికి నాలుగు అంగుళాలు

గురువారం ఉదయం ఏసుదానం మాస్టారి ప్రణాళిక చాలా చిన్నది. ఏడున్నరకి బండిని మెకానిక్ పైడయ్య షెడ్డుకి తీసుకెళ్లడం, భోజనాల వేళకి అది నాలుగు అంగుళాలు పైకి లేవడం, సాయంత్రం అందులో సమాధి పలక ఎక్కించడం, ఆదివారం పొద్దున్నే పనసగుడ చేరడం. ముప్పై ఏళ్లుగా పాఠ్య ప్రణాళికలు రాసిన చెయ్యి కాబట్టి ఆయన దీన్ని కూడా తెల్లకాగితం మీద రాసి, కింద స్కేలుతో గీత గీసి, చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆ కాగితంలో భార్య తెరిసమ్మ పేరు ఎక్కడా లేదు. ఆ పేరు రాయవలసిన చోట, రాతి మీద, ఇదివరకే రాయించేశారు.

బండి తెరిసమ్మది. పద్దెనిమిదేళ్ల నాటి చిన్న పికప్పు, నీలం రంగు. ప్రతి శుక్రవారం ఆమె తన పుట్టిల్లు పనసగుడ వెళ్లి, అక్కడి ఆడవాళ్లని, వాళ్ల చిక్కుడు గింజలని, అల్లాన్ని ఎక్కించుకుని అరకు సంతకి తెచ్చేది. తోలేది ఆమే. సెలవు రోజుల్లో మాస్టారు పక్క సీట్లో కూర్చుని చేతిసంచీ పట్టుకునేవారు. ఆ దారిలో రెండో కల్వర్టు దాటాక ఒక మలుపు ఉంది. మలుపులో, బాట నడుమ, నేలలోంచి పొడుచుకొచ్చిన రాయి ఒకటి ఉంది. ఖాళీ బండి దాని మీద గీసుకుంటూ దాటేది. బరువుతో ఉంటే కడుపు తగిలేది. అందుకని ఆడవాళ్లు బుట్టలతో దిగి, మలుపు నడిచి, మళ్లీ ఎక్కేవారు. ఆ రాయి తీయించమని మూడేళ్లలో మూడు అర్జీలు రాసింది మాస్టారే. మూడింటిలోనూ ఒక్క అక్షరదోషం లేదు. మూడింటికీ రసీదులు వచ్చాయి.

పోయిన దసరా సెలవుల్లో తెరిసమ్మ పుట్టింట్లో ఉండగా జ్వరం తగిలింది. కబురు అందాక మాస్టారు స్వయంగా బండి తోలుకుని వెళ్లారు. వానకి బాట కోసుకుపోయి రాయి మరింత పైకి తేలి ఉంది. ఖాళీ బండి కడుపు కూడా దాని మీద కూర్చుండిపోయింది. ముందుకీ రాలేదు, వెనక్కీ రాలేదు. ఊరివాళ్లు ఆమెను డోలీలో మోసుకొచ్చారు. బండి పక్కనుంచి దాటించి, కింద తారురోడ్డు దాకా మోశారు. బండి పక్కకి వచ్చినప్పుడు తెరిసమ్మ కళ్లు తెరిచి చూసి, "హ్యాండ్‌బ్రేకు వేసేరా?" అని అడిగింది. ఆయన వేశానన్నారు. ఆ తరవాత ఆమె ఇంకేమీ అడగలేదు.

కొన్నాళ్లకి ఆయన బడిలోని చెక్క స్కేలు పట్టుకుని ఒంటరిగా ఆ మలుపుకి వెళ్లి కొలిచారు. నాలుగు అంగుళాలు తక్కువైంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. లెక్కల మాస్టారికి తప్పు ఎక్కడ జరిగిందో తెలిశాక, దిద్దకుండా ఊరుకోవడం చేతకాదు.

"నాలుగంగుళాలా?" అన్నాడు పైడయ్య, బండి కిందికి వంగి చూస్తూ. "దేనికండి మాస్టారూ?"

"రాయి తగులుతోంది."

"అయితే పెద్ద టైర్లు ఎయ్యండి."

"అంత డబ్బు లేదు."

"విశాపట్నం నుంచి ఎత్తు లేపే కిట్టు తెప్పిస్తే..."

"అంతకన్నా లేదు పైడయ్యా."

పైడయ్య లేచి నిలబడి, చేతులకి అంటిన గ్రీజు లుంగీకి తుడుచుకుని, దీర్ఘంగా ఆలోచించాడు. "అలగైతే నా బుర్రతోటే సేసీయాలి. బుర్రకి మీకాడ డబ్బులుచ్చుకోనులెండి."

"మా భయం కూడా దాని గురించే," అంది సుజానా. ఆమె మాస్టారి ఒక్కగానొక్క కూతురు. డిగ్రీ చదువుతోంది. వాళ్లమ్మ దగ్గర బండి తోలడంతోపాటు నోరు కూడా నేర్చుకుంది.

పైడయ్య బుర్రలో ఉన్నది ఇది. షెడ్డు వెనక తుప్పు పట్టిన పాత లారీ ఒకటి పడి ఉంది. దాని ఇరుసుల మీద బరువు మోసే కమాన్ కట్టల్లోంచి రెండేసి పట్టీలు పీకి, మాస్టారి బండి కమాన్ కట్టలకి చేర్చడం. ఖర్చు లేదు, కూలీ తప్ప. భోజనాల వేళ మూడు గంటలకి జరిగింది. అప్పటికి బండి వెనకభాగం పైకి లేచింది. ముందుభాగం లేవలేదు. చెరువులో నీళ్లు తాగడానికి మూతి వంచిన గేదెలా ఉంది.

మాస్టారు స్కేలు పెట్టి కొలిచారు. "ఐదుంది పైడయ్యా. నేను నాలుగు అడిగాను."

"ఒకటి కొసరండి."

అరకు సంతలో కొసరు వెయ్యనిదే బేరం తెగదు. శేరు గింజలకి పిడికెడు, కట్ట ఆకుకి నాలుగు ఆకులు. మాస్టారు ముప్పై ఏళ్లుగా కొసరు తీసుకుంటూనే ఉన్నారు. వద్దని ఎలా చెప్పాలో ఆయనకి ఎవరూ నేర్పలేదు. నిజానికి సమాధి పలక విషయంలోనూ అదే జరిగింది. శిలువ, తెరిసమ్మ పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, అంతవరకే ఆయన రాసిచ్చారు. పలక తెచ్చుకోవడానికి వెళ్తే సగం నుంచి కింద పెద్ద అక్షరాలతో ఇంకో రెండు వరుసలు కనిపించాయి: "భర్త: ఏసుదానం మాస్టారు, బి.ఎస్సీ., బి.ఇడి." రాళ్లు చెక్కేవాడు సిగ్గుపడుతూ, "కిందంతా ఖాళీగా ఉందండి. అది నా కొసరనుకోండి," అన్నాడు. నల్లబల్ల అయితే తుడిచేవారు. రాయి.

శుక్రవారం పైడయ్య ముందుభాగం పట్టుకున్నాడు. పాత లారీలో ముందరి పట్టీలు మరీ మందంగా ఉన్నాయి. ఆరున్నర అంగుళాలు లేచింది. ఇప్పుడు బండి మూతి ఆకాశం వైపు తిరిగి, ప్రార్థనలో ఉన్నదానిలా కనబడింది. ముందు ఎత్తయింది కాబట్టి వెనక తగ్గింది. వెనకకి ఇనప దిమ్మలు పెట్టారు. వెనక ఎనిమిదయింది. ముందుకి ఇంకో పట్టీ పడింది. మాస్టారు పక్కన నిలబడి, సమీకరణానికి ఇటొకటి కలిపితే అటొకటి కలపాలన్న సూత్రం ఇంత క్రూరమైనదని ఎన్నడూ పిల్లలకి చెప్పలేదే అనుకున్నారు.

ఆ రోజు సంత. పైకెత్తిన నీలం బండిని సంతకి వచ్చినవాళ్లంతా చూశారు. పనసగుడ నుంచి నడిచి వచ్చిన చిట్టవ్వ అనే ముసలావిడ, తల మీద బుట్టతోనే షెడ్డు ముందు ఆగిపోయింది. తెరిసమ్మ బండిలో ఎప్పుడూ మొదటి చోటు ఆవిడదే.

"అల్లుడా, బండి బాగు సేయిత్తన్నావా?"

మాస్టారు తల ఊపారు.

"ఎప్పుడెల్తాది మరి?"

"ఆదివారం."

చిట్టవ్వ కళ్లు మెరిశాయి. బుట్ట దించి, బండి ఎక్కి చూద్దామని కాలెత్తింది. కాలు అందలేదు. చీర కుచ్చెళ్లు దోపుకుని ఇంకోసారి ఎత్తింది. "ఓలమ్మా, ఈ బండెక్కాలంటే ముందల పనస సెట్టెక్కి దూకాలి!" అని నవ్వుతూ వెళ్లిపోయింది. ఆదివారం నుంచి తెరిసమ్మ బండి మళ్లీ తిరుగుతుందని చీకటి పడకముందే పనసగుడ అంతా తెలిసిపోయింది. మాస్టారు చెప్పింది ఒక్క మాటే. తక్కినది ఊరు కొసరు వేసుకుంది.

సుజానా మాత్రం షెడ్డు బయటికి వెళ్లి, సిగ్నలు దొరికే చోట నిలబడి, మేనమామ సోమన్నకి ఫోన్ చేసింది. ఆమె చెయ్యి తిప్పుతూ ఏదో చెప్పడం, మధ్యలో నెత్తి కొట్టుకోవడం మాస్టారికి దూరం నుంచి కనిపించింది. ఏం చెప్పావని ఆయన అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. వాళ్లింట్లో ఏడాదిగా మాటలన్నీ అలాగే ఆదా అవుతున్నాయి.

శనివారం పదింటికి బండి నాలుగు మూలలా సమానమయింది. మాస్టారు కొలిచారు. తొమ్మిది అంగుళాలు.

"పైడయ్యా, నేను నాలుగు అడిగాను."

"తొమ్మిదిలో నాలుగున్నాయి గదండి."

లెక్కప్రకారం అది నిజమే. కానీ కొత్త కష్టం ఒకటి బయటపడింది. బండి లేచింది గాని హ్యాండ్‌బ్రేకు తీగ లేవలేదు. పొడుగు చాలక తెంపేయవలసి వచ్చింది.

"ఈ కొండల్లో హ్యాండ్‌బ్రేకు ఎవులికి కావాలండి? సక్రం కింద రాయెట్టుకుంటే సాలదా?" అన్నాడు పైడయ్య.

మాస్టారు తెగిన తీగ కొసని వేళ్లతో పట్టుకుని చూశారు. తరవాత, "అది కావాలి పైడయ్యా," అన్నారు. ఆ గొంతు విని పైడయ్య ఎదురు చెప్పకుండా కిందికి దూరి, ఇనప తీగతో ఏదో కట్టాడు. "పట్టుకుంటాది," అన్నాడు. ఒక క్షణం ఆగి, "ఎక్కువసార్లు పట్టుకుంటాది," అన్నాడు.

సాయంత్రం పలక ఎక్కించడానికి చర్చి నుంచి నలుగురు వచ్చారు. పాత ఎత్తుకైతే నలుగురు చాలేవారు. ఇప్పుడు బండి తొట్టి వాళ్ల గుండెలకి వచ్చింది. పలక నడుముల దాకా లేచి, అక్కడ కాసేపు వణికి, కిందికి దిగింది. ఇంకో నలుగుర్ని పిలిచారు. బడి తాళం తీసి రెండు బెంచీలు తెచ్చి, ఏటవాలుగా ఆనించి, ఎనిమిదిమంది "జై" అని తోశారు. పలక ఎక్కింది. ఒక బెంచీ కాలు విరిగింది. విరిగిన ప్రభుత్వ బెంచీకి సంజాయిషీ ఎలా మొదలుపెట్టాలో మాస్టారు ఆ రాత్రి మంచం మీద పడుకుని ఆలోచించారు. "సమాధి పలక నిమిత్తం" అని మొదలుపెడితే బాగుండదనిపించింది.

ఆదివారం పొద్దున్నే బయలుదేరారు. సుజానా తోలుతోంది. కొత్త కమాన్ కట్టల గుణం ఊరు దాటాక తెలిసింది. అవి జీవితమంతా లారీ బరువు మోసినవి. ఈ చిన్న బండి, ఒక పలక, ఇద్దరు మనుషులు వాటికి ఈగ వాలినట్టు. ఏ మాత్రం వంగలేదు. ప్రతి గుంటలోనూ బండి మేకపిల్లలా గెంతింది. మాస్టారి తల పైకప్పుకి రెండుసార్లు తగిలింది. ప్రణాళిక కాగితం జేబులోంచి ఎగిరి కిటికీ గుండా వలిసె పూల తోటలోకి పోయింది.

రెండో కల్వర్టు దగ్గర వెనక తొట్టిలో 'టప్' మని చప్పుడయింది.

సుజానా ఆపింది. మాస్టారు టైరు మీదికి ఎక్కి తొంగి చూశారు. పలక సరిగ్గా నడిమికి రెండయింది. పై సగంలో శిలువ, తెరిసమ్మ, రెండు సంవత్సరాలు. కింది సగంలో ఆయన, ఆయన డిగ్రీలు. మధ్యలో వేలెడు ఖాళీ. ఎవరో స్కేలు పెట్టి కోసినట్టుంది.

"నాన్నా..." అంది సుజానా.

ఆయన కిందికి దిగి చేతులు దులుపుకున్నారు. "దిగు. ఇక్కడి నుంచి నేను తోలతాను."

ఆమె దిగి పక్క సీట్లోకి మారింది. ముందుంది ఆ మలుపు. మాస్టారు స్టీరింగు ముందు కూర్చుని, నిక్కరు వేసుకున్న పిల్లవాడు పరీక్ష కాగితం అందుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నారు. మొదటి గేరు వేశారు. ఏడాదిగా రోజూ మనసులో దాటుతున్న చోటు అది. బండి మలుపు తిరిగింది, పైకి వెళ్లింది, దాటిపోయింది. గీసుకోలేదు. చిన్న చప్పుడైనా లేదు.

తొమ్మిది అంగుళాల ఎత్తు అంత హాయిగా ఉంటుందని ఆయన అనుకోలేదు. బండి ఆపి, స్కేలు తీసుకుని, దిగి వెనక్కి నడిచారు. రాయికీ బండికీ మధ్య ఎంత జాగా మిగిలిందో చూడాలి కదా.

రాయి లేదు.

అది ఉన్న చోట కొత్తగా పూడ్చిన ఎర్రమట్టి ఉంది. మాస్టారు వంగి, అలవాటు కొద్దీ స్కేలు నేల మీద నిలబెట్టారు. కొలవడానికి ఏమీ లేదు. తెరిసమ్మ బండి ఎప్పటి ఎత్తులో ఉన్నా, పడుకుని పాకినా, ఈ మలుపు దాటేసేది.

అప్పుడు పైనుంచి, బండి దిగి నిలబడిన సుజానా కేక వినపడింది. "నాన్నా! హ్యాండ్‌బ్రేకు వేసేవా?"

ఆ మాట ఆమెకి ఎవరూ చెప్పినది కాదు. మాస్టారు స్కేలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. వేశారు. కానీ పైడయ్య చెప్పిన ఎక్కువసార్లలో ఇది లెక్కకి రాలేదు. బండి మెల్లగా వెనక్కి జారుతూ వచ్చింది. సుజానా పరుగున దిగి వచ్చి ఆయన చెయ్యి పట్టి పక్కకి లాగింది. వెనక చక్రం తిన్నగా వచ్చి, రాయి పీకిన గుంటలోని మెత్తమట్టిలో ఇరుసు దాకా దిగి ఆగింది. బండి కడుపు నేల మీద కూర్చుంది. పోయిన ఏడాది కూర్చున్న చోటే.

సుజానా గట్టిగా నవ్వబోయి, తండ్రి ముఖం చూసి, మట్టిలో కూలబడి ఏడ్చింది. మాస్టారు పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేశారు. "ఏడవకు, మొదటి గేరులో ఉంచాల్సింది," అన్నారు.

చప్పుడు విని పైనుంచి పనసగుడ దిగి వచ్చింది. మగవాళ్లు తాళ్లతో, ఆడవాళ్లు బుట్టలతో, అందరికన్నా ముందు చిట్టవ్వ తన బుట్టతో. ఆదివారం సంత లేదని ఆవిడకి తెలుసు. బండి ఉందని తెలుసు, అది చాలు. తెరిసమ్మ తమ్ముడు సోమన్న చక్రం వంక చూసి, బావ వంక చూసి, తాడు భుజాన వేసుకున్నాడు. పావుగంటలో బండి పైకి వచ్చింది. పలక ముక్కల్ని కర్రలకి కట్టి, డోలీలో లాగే మోస్తూ ముందు నడిచారు.

ఊరి పైన సమాధుల తోట. తెరిసమ్మ సమాధి తలవైపు ఒక రాయి నిలబెట్టి ఉంది, మనిషి నడుమెత్తున. పనసగుడలో ఏడాది తిరిగేసరికి పోయినవాళ్లకి రాయి నిలబెడతారు. శిలువ ఉన్నవాళ్లకీ, లేనివాళ్లకీ కూడా. అది తోబుట్టువులు తేవలసిన రాయి. మాస్టారిది మైదానం, అనకాపల్లి వైపు. ఆయనకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆయన అడగలేదు.

ఆయన దగ్గరికి వెళ్లి చూశారు. రాతి కొస మీద గీతలున్నాయి. తెల్లటి గీతలు, పాతవీ కొత్తవీ, పదుల కొద్దీ. గీతల్లో అక్కడక్కడ నీలం రంగు.

"ఆ రాయేనా?" అన్నారు.

"అదే బావా," అన్నాడు సోమన్న. "సుజానా పోన్ సేసింది. రాయి కోసం నాన్న బండిని లేపేత్తన్నాడు మావా, అంది. బండి లేపడం దేనికి, రాయి లేపితే పోద్ది గదా అనుకున్నాం. నిన్న పద్దన్న పదిమందిమి గునపాలు పట్టుకెల్లేం. గంటన్నర పట్టింది."

"గంటన్నర," అన్నారు మాస్టారు.

ఆయన రాయి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. "సోమన్నా. మరి ముందే ఎందుకు తియ్యలేదు?"

సోమన్న నేల చూశాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నేల చూశారు.

"నువ్వే గదా బావా సెప్పేవు," అన్నాడు చివరికి, మెల్లగా. "అర్జీ ఎట్టినప్పుడు. ఆపీసరొచ్చి సూసేదాకా రాయి ఎవులూ ముట్టుకోవద్దని. ముట్టుకుంటే సమస్య నేదని రాసేత్తారని. మూడేల్లు కాపలా కాసేం. పిల్లలు దాని మీదెక్కి ఆడితే కొట్టేం కూడా."

మాస్టారికి జ్ఞాపకం వచ్చింది. చెప్పిన చోటు, నిలబడిన తీరు, తెరిసమ్మ పక్కన తల ఊపడం, అన్నీ.

"మరి ఇప్పుడెందుకు తీశారు?"

"అర్జీ రాసినోడివే బండి లేపుతున్నావంటే, ఇక ఆపీసరు రాడని నీకే తెలిసిపోయిందనుకున్నాం."

"రాలేదు కదా."

సోమన్న ఇబ్బందిగా కదిలాడు. "వొచ్చేడు బావా. నిన్న సాయంత్రం. మోటారు సైకిలు మీద. మూడో అర్జీ కాయితం పట్టుకుని, రాయేదీ అన్నాడు. ఇదిగో, తెరిసమ్మ అప్పకి ఎట్టేం అని సూపించేను. బాటలో రాయి నేదు, సమస్య నేదు అని రాసుకున్నాడు. సంతకం ఎట్టమంటే ఎట్టేను."

మాస్టారు చెప్పింది అక్షరాలా జరిగింది. బతుకులో ఆయన ఇంకే విషయమూ ఇంత కచ్చితంగా ముందే చెప్పలేదు.

ఆయన చెక్క స్కేలు తీసి నీలం గీతల పక్కన రాతికి ఆనించారు. వేళ్లతో గీతల్ని ఒక్కొక్కటే తడుముతూ, కొలుస్తున్నట్టే నిలబడ్డారు. ఎండ రాతి మీదికి వచ్చేదాకా అలాగే ఉన్నారు. ఎంత వచ్చిందని ఎవరూ అడగలేదు.

ఊరి చర్చి ఉపదేశి ప్రార్థన చేశారు. పలక పై సగాన్ని రాతి మొదట్లో ఆనించి నిలబెట్టారు. శిలువ, పేరు, రెండు సంవత్సరాలు. ఆయన రాసిచ్చినంతే ఉంది ఇప్పుడు. కింది సగాన్ని ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. దాన్ని మళ్లీ మోసుకొచ్చి బండి దగ్గర దింపారు. బండి వాలులో నిలబడి ఉంది కాబట్టి సుజానా ముందుజాగ్రత్తగా దాని కొసని వెనక చక్రం కిందికి నెట్టించింది.

చిట్టవ్వ బుట్ట సర్దుకుని వచ్చింది. బండి ఎత్తు చూసింది, పలక చూసింది, లెక్క కట్టింది. కాలెత్తి పలక మీద పెట్టబోయింది.

"అవ్వా, ఆగు!" అన్నాడు సోమన్న. "దాని మీద ఏదో రాసుంది."

చిట్టవ్వ కాలు గాల్లోనే ఆపి మాస్టారి వంక చూసింది. "ఏటి రాసుంది అల్లుడా?"

"ఏమీ లేదు," అన్నారు మాస్టారు. "ఎక్కు అత్తా."

ఇప్పుడు శుక్రవారం శుక్రవారం సుజానా బండి తోలుతోంది. పనసగుడ ముసలమ్మలంతా మాస్టారి బి.ఇడి. మీద కాలు పెట్టి సంతకి వెళ్తున్నారు, బి.ఎస్సీ. మాత్రం చక్రం కింద ఉంటుంది.